అటక మీద దొరికిన పొట్టి తుపాకి: దీని పుట్టుక ఎక్కడ?

నర్సంపేట పిలగాడు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఇక్కడ నాణేలు, స్టాంపులు, పాత కెమెరాల ముచ్చట్లే ఎక్కువ. తుపాకి గురించి అడగొచ్చో లేదో తెలియక రెండు రోజులు ఆగాను.

నర్సంపేట దగ్గర మా ఊళ్లో తాతల నాటి పెంకుటిల్లు విప్పిస్తున్నాం. శనివారం అటక చెక్కలు దింపుతుంటే, దూలానికీ గోడకూ నడుమ సందులోంచి గోనె సంచి చుట్టిన కట్టె ఒకటి జారి పడింది. విప్పి చూస్తే పొట్టి తుపాకి. దర్జీ టేపుతో కొలిస్తే 37 అంగుళాలు ఉంది. అందులో ఇనుప గొట్టం ఒక్కటే 19న్నర. వడ్ల కాంటా మీద పెడితే మూడు కిలోలకు కొంచెం తక్కువ తూగింది. కుడి పక్కన పెద్ద గుర్రం ఉంది, అదే ట్రిగ్గర్ నొక్కితే కొట్టే సుత్తి. గొట్టం వెనక భాగంలో పైన చిన్న డబ్బా మూత లాంటిది, ఎడమ పక్కకు తెరుచుకునేలా బందు పెట్టి ఉంది. తుప్పుకు బిగుసుకుపోయింది. ఎడమ వైపు కట్టె మీద ఒక ఇనుప కడ్డీ, దానికి వేలాడే ఉంగరం.

కంపెనీ పేరు, సంవత్సరం, కిరీటం ఏవీ లేవు. ఒక్కటే గుర్తు కనిపించింది. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇత్తడి పట్టీ మీద ఇంగ్లీషు 'వీ' అక్షరం లాంటి గాటు.

మా ముత్తాత నిజాం ఫౌజులో సవారు. పెద్ద యుద్ధానికి పోయొచ్చాడని, ఇది ఆయన తుపాకే అని మా చిన్నాయన అంటున్నాడు. యూట్యూబ్‌లో చూస్తే ఇలా ఏ గుర్తూ లేనివాటిని ప్రొటోటైప్, అంటే మొదటి నమూనా అంటారట, లక్షలు పలుకుతాయట. నిజమేనా?


ఖాకీ విడిచినవాడు | సోమవారం, రాత్రి 9:31

తమ్ముడూ, ధర సంగతి తర్వాత. ముందు అందులో మందు ఉందో లేదో చూడు. మూతి నుంచి మందు కూరే పాత భర్మార్లు అటకల మీద, గడ్డివాముల్లో నిండుగా కూరి ఉండగానే దొరికిన కేసులు సర్వీసులో చూశాను. తుపాకిమందు ముసలిదైతే సాధు జంతువు అయిపోదు.

మూతి వైపు ఎవరినీ నిలబడనీయకు. గుర్రాన్ని ముట్టుకోకు. ఒక సన్నటి వెదురు పుల్ల మూతిలోంచి మెల్లగా వదులు, ఆగిన చోట గుర్తు పెట్టి బయటికి తీయి. ఆ పుల్లనే గొట్టం పక్కన ఆనించి చూడు. మూత దాకా పోయి ఉంటే లోపల ఏమీ లేనట్టు. నాలుగు వేళ్లు ముందే ఆగితే ఇంకేమీ చేయకుండా స్టేషన్‌కు ఫోన్ చెయ్.

ఇంకో మాట. స్టేషన్‌కు చెప్పడం ఎలాగూ తప్పదు. ఎంత తొందరగా చెప్తే అంత మంచిది.


మోడరేటర్ | సోమవారం, రాత్రి 9:40

చర్చ నడవనిద్దాం, కానీ కొనడం, అమ్మడం, తూటాలు, పని చేయించడం గురించి ఒక్క మాట వచ్చినా తాళం వేస్తాను. ఊరి పేరు, ఇంటి ఫొటోలు పెట్టొద్దు.


కాజీపేట లోకో | సోమవారం, రాత్రి 10:05

నాటకాల కంపెనీ తుపాకి అయి ఉంటుంది భయ్యా. మా తాత దగ్గర హరిశ్చంద్రుడి కత్తి ఉండేది, అదీ ఇంతే బరువు.


జగిత్యాల బురుజు | సోమవారం, రాత్రి 10:48

నాటకాల తుపాకికి గుర్రపు జీను ఉంగరం ఎందుకు పెడతారు? ఆ కడ్డీ, ఉంగరం ఉన్నాయంటే అది కార్బైన్, అంటే సవారుల పొట్టి తుపాకి. సవారు భుజం మీదుగా వేసుకున్న తోలు పట్టీ కొక్కేన్ని ఆ ఉంగరానికి తగిలించుకుంటాడు. గుర్రం మీద పోతున్నప్పుడు చేయి జారినా తుపాకి కింద పడదు.

నా అనుమానం, ఇది మన ఉత్తర తెలంగాణలోనే చేసింది. మా జగిత్యాల కోట 1747లో ఫ్రెంచి ఇంజనీర్లు నక్షత్రం ఆకారంలో కట్టింది. ఫిరంగులు ఇప్పటికీ బురుజుల మీద ఉన్నాయి. నిర్మల్‌లో ఫిరంగులు పోసేవాళ్లు. కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్ నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. ఇంత పనితనం ఉన్న నేల మీద ఒక కొత్త రకం కార్బైన్ పుట్టిందంటే నమ్మడానికి కష్టమేముంది?


పాత కాగితం | సోమవారం, రాత్రి 11:26

నమ్మడానికి కష్టం లేదు, అదే ప్రమాదం. కోనసముద్రం ఉక్కు కత్తులకు పేరు పోయింది. తుపాకి గొట్టానికి కావలసింది ఆ ఉక్కు కాదు, సాగే మెత్తటి ఇనుము. జగిత్యాల కోటకూ ఈ మూతకూ నడుమ సుమారు 120 ఏళ్ల తేడా ఉంది. వెనక మూత తెరిచి తూటా పెట్టే పద్ధతి సైన్యాల్లో బాగా వ్యాపించింది 1860లలో.

ముందు మామూలు అనుమానాలు తీర్చుకుందాం. పక్కకు తెరుచుకునే మూత అనగానే గుర్తొచ్చేది స్నైడర్ తుపాకి. జేకబ్ స్నైడర్ అనే అమెరికా ఆయన ఉపాయం. ఇంగ్లీషు సైన్యం 1866లో తీసుకుంది. అప్పటికే గుట్టలుగా ఉన్న 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకుల వెనక భాగం కోసేసి ఈ మూత బిగించారు. మన 1857 గొడవలో కొవ్వు తూటాల తుపాకి ఉంది కదా, ఆ ఎన్‌ఫీల్డే. స్నైడర్‌లో కార్బైన్లు కూడా చేశారు. కానీ స్నైడర్ మూత కుడి పక్కకు తెరుచుకుంటుంది, మీరు ఎడమ అంటున్నారు. ఇంకోసారి చూడండి.

పెద్ద యుద్ధం కథ మాత్రం కుదరదు. 1914లో హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా వైపు పోయిన మాట నిజం. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర ఉన్న మూడు బొమ్మల్లో ఒకటి వాళ్లదే. కానీ అప్పటికి స్నైడర్ కాలం చెల్లి చాలా ఏళ్లయింది, చేతుల్లో .303 రైఫిళ్లు ఉన్నాయి. మీ ముత్తాత యుద్ధానికి పోయి ఉండొచ్చు, ఇది ఆయనతో పోలేదు.


నర్సంపేట పిలగాడు | మంగళవారం, ఉదయం 7:50

ఖాకీ అన్నా, వెదురు పుల్ల మూత దాకా పోయింది. రాత్రంతా ఉన్న టెన్షన్ తీరింది.

కుట్టుమిషన్ నూనె పోసి తెల్లారేదాకా ఉంచితే మూత కదిలింది. ఎడమకే, పక్కా. గొట్టంలోంచి వెలుతురు కూడా కనిపిస్తోంది. రంధ్రం వెడల్పు స్కేలు పెట్టి చూస్తే 15 మిల్లీమీటర్లు.

ఒక తప్పు జరిగింది. నేను పొలం పోయొచ్చేసరికి మా అమ్మ చింతపండు పెట్టి ఇత్తడంతా తోమేసింది. బిందెలా మెరుస్తోంది.


ఆకురాయి | మంగళవారం, ఉదయం 8:15

అయ్యో చింతపండు! నూరేళ్ల మెరుగు పోయింది. ఇక ముట్టుకోవద్దని అమ్మకు చెప్పు. ఇనుముకు గరుకు కాగితం అసలే వద్దు. మెత్తటి గుడ్డ, చుక్క నూనె, అంతే. తుప్పు కింద అక్షరాలు దాక్కుని ఉంటాయి, తుప్పుతో పాటు వాటినీ గీకేస్తారు జనం.

నేను హన్మకొండలో లేత్ పని చేస్తాను. మా తాతలు కమ్మరం. కట్టె ఏ రకమో చెప్పు. పగటి వెలుగులో దగ్గర నుంచి ఫొటో పెట్టు.


జగిత్యాల బురుజు | మంగళవారం, ఉదయం 9:02

ఎడమకు తెరుచుకుంటే అది రష్యావాళ్ల క్రంకా! 1869లో రష్యా తీసుకున్నది. చేసినాయన బొహీమియా తుపాకుల మేస్త్రి. రంధ్రం 15.24 మిల్లీమీటర్లు. పిలగాడి కొలత 15. సరిపోయింది. రష్యా తుపాకి నర్సంపేటకు ఎలా వచ్చిందో ఆలోచిస్తేనే ఒళ్లు జలదరిస్తోంది.


పాత కాగితం | మంగళవారం, ఉదయం 9:20

స్కేలుతో కొలిచిన 15కు ఒళ్లు జలదరించనివ్వకండి. ఎన్‌ఫీల్డ్, స్నైడర్ రంధ్రం .577 అంగుళం, అంటే 14.66 మిల్లీమీటర్లు. క్రంకాకూ దానికీ తేడా అర మిల్లీమీటరు చిల్లర. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కావాలి. ఐటీఐ చదివిన దోస్తు ఎవరైనా ఉంటారు, అడగండి.

ఇంకో పరీక్ష కూడా ఉంది. టార్చి వేసి గొట్టం లోపల గాళ్లు, అంటే మెలి తిరిగిన సన్నటి కాలువలు, ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత ఒక పుల్లకు గుడ్డ బిగుతుగా చుట్టి, పుల్ల చివర కాగితం జెండా అంటించి, మూతి నుంచి వెనక దాకా నెట్టండి. పుల్లను తిప్పొద్దు, దాని ఇష్టానికి వదిలేయండి. గాళ్ల వెంట గుడ్డ తిరుగుతుంది, జెండా కూడా తిరుగుతుంది. ఎంత తిరిగిందో చెప్పండి.


డీల్ మాస్టర్ | మంగళవారం, ఉదయం 9:44

[ఈ సందేశాన్ని మోడరేటర్ తొలగించారు]


లా పాయింట్ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

వరంగల్ కోర్టులో ప్రాక్టీసు. లంచ్‌లో రాస్తున్నాను కాబట్టి క్లుప్తంగా చెప్తాను.

'వందేళ్లు దాటితే లైసెన్సు అక్కర్లేదు' అని వాట్సాప్‌లో తిరిగేది తప్పు. ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 45 (సి) ఉంది. వాడుక పోయిన నమూనా, పురాతన విలువ ఉన్నది, లేదా పాడైపోయినది అయితే చట్టం వర్తించదు. కానీ దాని తోక చూడాలి: రిపేరు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరానిదై ఉండాలి. రిపేరు చేస్తే పేలేది ఎంత పాతదైనా తుపాకే. అది తేల్చాల్సింది మనం కాదు, నిపుణులు.

వందేళ్ల లెక్క వేరే చట్టంలో ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం. దాని కిందికి వచ్చే వస్తువును దేశం దాటించడం కుదరదు. దానికీ లైసెన్సుకూ సంబంధం లేదు.

మీరు చేయాల్సింది: దొరికిన తేదీ, చోటు, చూసిన కూలివాళ్ల పేర్లతో ఒక దరఖాస్తు రాసుకుని, వస్తువును దగ్గరి స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి. సెక్షన్ 21 ఉన్నదే ఇందుకు. ఊరి పెద్ద ఒకరిని వెంట తీసుకెళ్లండి. ఫొటోలు, కొలతలు ముందే తీసిపెట్టుకోండి. అప్పగించాక అడిగితే చూడటానికి దొరక్కపోవచ్చు.


నర్సంపేట పిలగాడు | మంగళవారం, సాయంత్రం 6:40

రేపు పొద్దున స్టేషన్‌కు పోదామని సర్పంచ్ గారితో మాట్లాడాను. ఈ రాత్రి వరకే టైం, అడగాల్సినవి అడగండి.

బండి మెకానిక్ దగ్గర వెర్నియర్ దొరికింది. మూతి దగ్గర 14.7. గాళ్లు మూడు. జెండా పరీక్ష నాలుగు సార్లు చేశాను, మా చెల్లె వీడియో తీసింది. మూతి నుంచి వెనక దాకా పోయేసరికి జెండా పావు చుట్టు తిరిగింది. గడియారంలో పన్నెండు మీద మొదలుపెడితే మూడు మీద ఆగినట్టు.


పాత కాగితం | మంగళవారం, సాయంత్రం 7:05

శభాష్. ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన అన్నిటికన్నా విలువైన సమాచారం ఆ కాగితం జెండా ఇచ్చింది.

14.7 అంటే ఎన్‌ఫీల్డ్ కుటుంబం, క్రంకా కాదు. బురుజు గారు మన్నించాలి. 1853 నమూనా పొడవాటి ఎన్‌ఫీల్డ్‌కు గాళ్లు మూడే, అవి 78 అంగుళాలకు ఒక్క చుట్టు తిరుగుతాయి. పొట్టి రకాలకు తర్వాత ఐదు గాళ్లు పెట్టి, 48 అంగుళాలకే చుట్టు తిప్పారు. మీ గొట్టం 19న్నర అంగుళాలు. 78ని నాలుగుతో భాగించండి, 19న్నర. పావు చుట్టు. ఐదు గాళ్ల పొట్టి రకమైతే మీ జెండా మూడు మీద కాదు, ఐదు దగ్గర ఆగేది.

అంటే ఈ గొట్టం కార్బైన్ కోసం పుట్టింది కాదు. 39 అంగుళాల పొడుగు తుపాకి గొట్టాన్ని ఎవరో సరిగ్గా సగానికి కోశారు. గుర్రం ఉన్న ఇనుప పలక కూడా ఎన్‌ఫీల్డ్‌దే అయి ఉండాలి. గదిలో దీపం ఆర్పి, టార్చిని ఆ పలకకు ఆనించినట్టు పక్క నుంచి వేసి చూడండి.


కాజీపేట లోకో | మంగళవారం, సాయంత్రం 7:11

సగానికి కోస్తే రెండో సగం ఎవరింటి అటక మీద ఉందో.


నర్సంపేట పిలగాడు | మంగళవారం, రాత్రి 8:02

పక్క నుంచి టార్చి వేస్తే పలక మధ్యలో చిన్న పల్లం తెలుస్తోంది, ఆకురాయితో అరగదీసినట్టు. ఆ పల్లంలో అక్షరాల నీడలున్నాయి. చివరి రెండూ ఇంగ్లీషు 'ఈ', 'ఆర్' లాగా ఉన్నాయి.


పాత కాగితం | మంగళవారం, రాత్రి 8:10

'టవర్'. లండన్ టవర్ ముద్ర. దాని పక్కన కిరీటం ఉండేది, దాన్నీ గీకేశారు. ఇంగ్లీషు సర్కారు తన సొత్తు మీద బాణం గుర్తు వేసేది. ఆ వస్తువును అమ్మేసినప్పుడు రెండు బాణాలు మొనలు ఎదురెదురుగా వేసేది. చట్టబద్ధంగా కొన్నవాడు పేరు గీకాల్సిన పని లేదు. గీకాడంటే మొహమాటపడే దారిలో వచ్చి ఉంటుంది.


ఆకురాయి | మంగళవారం, రాత్రి 8:34

లేదా తన పని మీద ఇంకొకడి పేరు ఉండకూడదనుకున్నాడు. పనివాళ్లకు ఆ రోషం ఉంటుంది సార్. మీరు కాగితాల మనిషి, దొంగతనం ముందు గుర్తొస్తుంది.

ఫొటోలు పెద్దవి చేసి చూశాను. కట్టె జిట్రేగి. ఇంగ్లీషు తుపాకుల కట్టె వాల్‌నట్, ఇంత నల్లటి చార ఉండదు. కట్టె మాత్రం ఇక్కడిదే, సందేహం లేదు. మూత బందు దగ్గర పసుపు గీత కనిపిస్తోంది చూడండి. అది ఇత్తడి మాటు, అంటే ఇత్తడి కరిగించి వేసిన అతుకు. ఫ్యాక్టరీలో అయితే ఆ ముక్కను గొట్టానికి మర కోసి బిగిస్తారు. ఇతను మాటు వేశాడు, కానీ ఎంత శుభ్రంగా వేశాడంటే ఇత్తడి ఎక్కడా పొంగలేదు. కొలిమి మీద వేడి ఎక్కువైతే గొట్టం పాడవుతుంది, తక్కువైతే ఇత్తడి పారదు. నేను గ్యాస్ మంటతో కూడా ఇంత సాఫీగా వేయలేను.

ఎడమ వైపు బందు ఎందుకు పెట్టాడో కూడా తోచింది. గుర్రం కుడి పక్కన ఉంది కదా. మూత ఎడమకు పడితే దానికి దూరంగా పోతుంది. తెలిసే చేశాడు, చూసి పొరపాటుగా కాపీ కొట్టింది కాదు.

పిలగాడా, మర తలల మీద గీతలు ఉన్నాయి. దగ్గరగా ఫొటోలు తీసి పెట్టు, ఒక్కొక్కటీ.


జగిత్యాల బురుజు | మంగళవారం, రాత్రి 8:50

క్రంకా పోయినా నా పాయింట్ నిలబడింది కదా. ఇక్కడి కట్టె, ఇక్కడి మాటు!


ఖిలా గల్లీ | మంగళవారం, రాత్రి 9:15

సలాం అందరికీ. రెండు రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడు ఆగలేక రాస్తున్నాను. ఆ 'వీ' అక్షరం ఇంగ్లీషు 'వీ' కాకపోవచ్చు భాయ్. ఉర్దూలో ఏడు అంకె అచ్చం అలాగే ఉంటుంది. అదే తలకిందులు చేస్తే ఎనిమిది. మా అబ్బా ఉర్దూ మీడియంలో చదివారు, ఫొటో చూపిస్తే 'తుపాకి ఎటు తిప్పి పట్టుకున్నావో చెప్పు, అప్పుడు ఏడో ఎనిమిదో చెప్తా' అన్నారు.


పాత కాగితం | మంగళవారం, రాత్రి 9:27

మంచి మాట. కానీ బర్మింగ్‌హామ్ పనివాళ్లు కూడా విడి భాగాలు కలిసిపోకుండా రోమన్ అంకెల గాట్లు పెట్టేవాళ్లు. రోమన్‌లో ఆ గుర్తు ఐదు. అంటే ఒకే గాటు ఐదు కావచ్చు, ఏడు కావచ్చు, ఎనిమిది కావచ్చు. మర తలల ఫొటోలు రానివ్వండి.


నర్సంపేట పిలగాడు | మంగళవారం, రాత్రి 10:20

పెట్టాను. గుర్రం పలకను బిగించిన రెండు మరల్లో ముందు దాని మీద ఒకే గీత ఉంది. రెండో దాని మీద గీత, దాని తలకు ఒక కొక్కెం. మూత వెనక మర మీద గీత, తలకు రెండు పళ్లు. ముందు కట్టు మర మీద ఏదో వంకర గుర్తు. ఉంగరం కడ్డీ ముందు మర మీద గుండ్రంగా, తలకిందులు గుండె లాంటిది. ఆ కడ్డీ వెనక మర లేదు, ఖాళీ రంధ్రమే ఉంది. ట్రిగ్గర్ పట్టీ మీద 'వీ'. అమ్మ చింతపండు పెట్టి తోమాక కుందా (భుజానికి ఆనించే వెనక కట్టె) అడుగున ఇత్తడి పలక మీద కూడా ఒక గాటు బయటపడింది. అదీ 'వీ'నే, కానీ తలకిందులుగా.


ఖిలా గల్లీ | మంగళవారం, రాత్రి 10:31

గీత: ఒకటి. గీత, కొక్కెం: రెండు. గీత, రెండు పళ్లు: మూడు. వంకరది నాలుగు. తలకిందులు గుండె ఐదు. మా అబ్బా కళ్లజోడు పెట్టుకుని మరీ చదివారు. ఆరు పోయింది. ఏడు, ఎనిమిది ఉన్నాయి.


పాత కాగితం | మంగళవారం, రాత్రి 10:44

ఒప్పుకుంటున్నాను. రోమన్ అయితే రెండో మర మీద రెండు గీతలు ఉండాలి, కొక్కెం ఉండదు. నేపాల్‌లో చేసినదైతే నాగరి అంకెలు ఉండేవి. కాబూల్ కార్ఖానా వాళ్లు కూడా ఇవే అంకెలు వాడతారు కాబట్టి అంకెలొక్కటే చాలవు, కానీ జిట్రేగి కట్టె పక్కన పెట్టి చూస్తే దక్కన్ వైపే మొగ్గుతాను.

ఇంకో సంగతి గమనించారా? ఏడు, ఎనిమిది ఒకే తుపాకి మీద ఉన్నాయి. అంటే ఇది ఏడో తుపాకీ కాదు, ఎనిమిదోదీ కాదు. అంకెలు తుపాకివి కావు, భాగాలవి.


ఆకురాయి | మంగళవారం, రాత్రి 11:03

సార్, ఆ వరస చూడండి. ఇలాంటి తుపాకి విప్పాలంటే ముందు గుర్రం పలక మరలు తీయాలి, ఒకటి, రెండు. తర్వాత వెనక మర, మూడు. ముందు కట్టు, నాలుగు. అప్పుడు గొట్టం బయటికి వస్తుంది. కడ్డీ, పట్టీ, అడుగు పలక చివరికి. ఇవి విప్పే వరస అంకెలు! ఎదుట కూర్చున్న మనిషి ముందు విప్పి చూపించి మళ్లీ బిగించడానికి పెట్టుకున్నవి.

పిలగాడా, ఆఖరి పని. మూత తెరిచి దాని ముందు మొహం మీద, అంటే తూటా అడుగుకు ఆనుకునే వైపు, సన్నటి చిల్లు ఉందా చూడు. గుర్రం కొట్టిన దెబ్బను తూటాకు చేర్చే సూది ఆ చిల్లులోంచే రావాలి. అలాగే గొట్టం వెనక చివర తూటా కూర్చునే చోటు కొంచెం వెడల్పుగా తొలిచి ఉందా, లేక మూతి దగ్గర ఎంతో అక్కడా అంతేనా?


నర్సంపేట పిలగాడు | మంగళవారం, రాత్రి 11:25

చిల్లు లేదు అన్నా. గుర్రం తగిలే వైపు నుంచి ఒక గుంట మొదలైంది, పుల్ల పెడితే మూత మందంలో సగం దాకా పోయి ఆగుతోంది. ఈ వైపు నున్నగా ఉంది. గొట్టం వెనక కూడా 14.7నే, తొలచలేదు. తూటాను వెనక్కి లాగే కొక్కెం లాంటిదీ ఏదీ కనిపించలేదు.


ఆకురాయి | మంగళవారం, రాత్రి 11:32

అయితే ఇది ఒక్కసారి కూడా పేలలేదు. పేలడానికి చేయలేదు, లేదా చేయడం పూర్తి కాలేదు. ఇది నమూనా.


పాత కాగితం | మంగళవారం, రాత్రి 11:58

నమూనా అన్న మాట ఇప్పుడు నేనూ ఒప్పుకుంటాను. మొదటి రోజు యూట్యూబ్ చెప్పిన కారణానికి మాత్రం కాదు. గుర్తు లేనిదల్లా ప్రొటోటైప్ అయితే మన దేశంలో ప్రతి నాటు తుపాకీ ప్రొటోటైపే.

ఎవరి కోసం అన్నదే మిగిలింది. 1857 తర్వాత ఇంగ్లీషువాళ్లు మన సిపాయిలకు తమకన్నా ఒక తరం పాత ఆయుధాలే ఇచ్చేవాళ్లు. 1871లో తెల్లవాళ్లకు మార్టిని హెన్రీ అనే కొత్త తుపాకి వచ్చాకే స్నైడర్లు మనవాళ్ల చేతికి రావడం మొదలైంది. హైదరాబాద్‌లో అప్పుడు మొదటి సాలార్ జంగ్ దివాన్, 1853 నుంచి 1883 దాకా. నిజాం సొంత ఫౌజు వేరు, బొల్లారం నుంచి ఇంగ్లీషు అధికారులు నడిపే కంటింజెంట్ వేరు. సొంత ఫౌజులో పాత ఎన్‌ఫీల్డ్‌లు మూలుగుతుంటే, 'వీటికి మేమే మూత పెట్టుకోగలం' అని ఒక మేస్త్రి చేసి చూపించాడని నా ఊహ. ఊహే. తార్నాక ఆర్కైవ్స్‌లో పాత ఫార్సీ, ఉర్దూ కాగితాల్లో ఫౌజు లెక్కలు వెతకాలి. ఒక సెలవు రోజు పెట్టుకుంటాను.


జగిత్యాల బురుజు | బుధవారం, ఉదయం 6:15

లేదా కొత్త రంగరూట్లకు నేర్పడానికి చేసిన బొమ్మ. అంకెలు అందుకే. పోలీసు ట్రైనింగులో కూడా పేలని తుపాకులు ఉంటాయి కదా, ఖాకీ అన్నా?


ఖాకీ విడిచినవాడు | బుధవారం, ఉదయం 6:40

ఉంటాయి, డ్రిల్ పర్పస్ అంటాం. వాటికి గొట్టం పక్కన చిల్లు పొడుస్తారు, మళ్లీ వాడకుండా. దీనికి లేదు. పైగా రంగరూట్ల చేతుల్లో పడిన వస్తువు మర తలలు ఇంత పదునుగా ఉండవు. నెలలో నున్నగా అయిపోతాయి. నా ఓటు ఆకురాయికే.

పిలగాడా, పోయేటప్పుడు గోనె సంచితో సహా తీసుకుపో. మోటార్ సైకిల్ మీద వద్దు, సర్పంచ్ కారులో పో. స్టేషన్ లోపలికి నువ్వు చేత్తో పట్టుకుని నడవకు, ముందు ఒకరు పోయి చెప్పిరండి.


నర్సంపేట పిలగాడు | బుధవారం, ఉదయం 7:05

అలాగే అన్నా. రాత్రి మా నాయనమ్మను కూర్చోబెట్టి అడిగాను, తొంభై దాటింది. ముత్తాత యుద్ధం నుంచి తెచ్చాడా అంటే నవ్వింది. ఆయన సవారు కాదట, ఫౌజు గుర్రాలకు నాడాలు కొట్టేవాడట. 'రజాకార్ల జమానాలో ఊళ్లో ఎవరింట్లో తుపాకి ఉందని తెలిసినా రెండు దిక్కుల నుంచీ వచ్చేవాళ్లు, అందుకని మీ తాత దాన్ని పైకెక్కించిండు, మళ్లీ దింపలే' అంది. బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరి జనాన్ని చంపిన సంగతి విన్న రాత్రే పైన పెట్టారట. అంటే 1948 ఆగస్టు. ముందు ఆ తుపాకితో ఏం చేసేవాళ్లు అని అడిగితే, 'ఏం చేస్తరు, దసరాకు జమ్మి దగ్గర పూజకు పెట్టేటోళ్లు' అంది.


ఆకురాయి | బుధవారం, ఉదయం 7:09

నాడాలు కొట్టేవాడా! మొదటి రోజే నాయనమ్మను అడగాల్సింది కదరా.


పాత కాగితం | బుధవారం, ఉదయం 7:30

తొందరపడొద్దు. నాడాలు కొట్టే చేయి వేరు, తుపాకి మూతకు మాటు వేసే చేయి వేరు. పైగా ముత్తాతది 1914 కాలం, ఈ మూత ఆలోచన 1870లది. ఫౌజు కార్ఖానా మూల పడి ఉన్న పాత నమూనాను ఇంటికి తెచ్చుకుని ఉండొచ్చు. ఆయన తండ్రి ఏం చేసేవాడో నాయనమ్మకు తెలుసా?


నర్సంపేట పిలగాడు | బుధవారం, సాయంత్రం 5:48

అప్పగించి వచ్చాను. లా పాయింట్ సార్ చెప్పినట్టు దరఖాస్తు, ఫొటోలు పట్టుకుపోతే సాఫీగానే అయింది. గంటన్నర కూర్చోబెట్టారు, టీ కూడా ఇచ్చారు. నిపుణుల పరీక్షకు హైదరాబాద్ పంపిస్తామన్నారు. పనికిరానిదని తేలితే మ్యూజియానికి ఇవ్వడానికి ఇల్లంతా ఒప్పుకున్నాం. చిన్నాయనకే కొంచెం బాధగా ఉంది.

పంచనామాలో ఏం రాశారో చెప్తే నవ్వుతారు. 'నాటు తుపాకి, పాతది, తుప్పు పట్టినది, ఒకటి.'

నేను మూడు గాళ్లు, 78 అంగుళాలు, ఉర్దూ అంకెలు అన్నీ చెప్పబోయాను. రాసే ఆయన పెన్ను పక్కన పెట్టి, ఓపికగా విని, 'గుర్తులు ఏమైనా ఉంటే చెప్పు, అవి రాస్తా' అన్నారు. 'వీ ఆకారపు గాట్లు రెండు, ఒకటి తలకిందులు' అని రాయించాను. పాత కాగితం సార్, నాయనమ్మకు ఆయన తండ్రి సంగతి తెలియదట. పేరు మాత్రం గుర్తుంది, మీకు విడిగా మెసేజ్ చేశాను.


ఖాకీ విడిచినవాడు | బుధవారం, సాయంత్రం 6:02

మంచి పని చేశావు. రసీదు జిరాక్స్ రెండు తీసి పెట్టుకో.


నర్సంపేట పిలగాడు | శుక్రవారం, మధ్యాహ్నం 12:20

ఇవాళ అటక కింద మట్టి జల్లెడ పడుతుంటే కూలి అక్క ఒక మర తెచ్చి చేతిలో పెట్టింది. బొటనవేలి పొడవుంది, తల మీద గాటు. ఖిలా గల్లీ భాయ్‌కు ఫొటో పంపాను.


ఖిలా గల్లీ | శుక్రవారం, మధ్యాహ్నం 12:26

ఆరు.


నర్సంపేట పిలగాడు | శుక్రవారం, మధ్యాహ్నం 12:31

రేపు మళ్లీ స్టేషన్‌కు పోవాలి.